పై గొంతు

మధ్యాహ్నం రెండున్నరకి, వంటింటి గట్టు తుడుస్తుంటే
హాల్లోంచి నా గొంతు వినబడింది.
ఇరవై మూడేళ్ల గొంతు.
కొంత ముక్కుతో, కొంత బెదురుతో:
"మూసీ మహోగ్రరూపం దాల్చిన ఆ రాత్రి..."

యాదగిరి ఛానల్.
రైతుల ఫోన్-ఇన్‌కీ వార్తలకీ మధ్య ఖాళీలో
పాత డాక్యుమెంటరీలు దులిపి వేస్తున్నారీమధ్య.
చేతిలో తడిగుడ్డతోనే వెళ్లి నిలబడ్డాను.

రామంతపూర్ స్టూడియోలో చదివాను దాన్ని, ఎనభై నాలుగులో.
అక్కడి ఏసీ మెషీన్ల కోసం, మనుషుల కోసం కాదు.
రెండు బస్సులు మారి వెళ్తే డెబ్బై అయిదు రూపాయల చెక్కు.
చప్పుడు కాకుండా కాగితం ఎలా తిప్పాలో
ప్రొడ్యూసర్ చయనులు గారు నేర్పారు.
చరిత్ర గురించి ఆయన నేర్పిందీ అంతే.

మొత్తం ఇరవై ఎనిమిది నిమిషాలు.
మాసిన ఫొటోల మీద మెల్లగా పాకే కెమెరా,
తెగిన వంతెన, కొట్టుకుపోయిన కోల్సావాడి,
వెనకాల వీణ.
ఏం కొట్టుకుపోయినా వీణే వాయించేవాళ్లం ఆ రోజుల్లో.

పదకొండో నిమిషంలో ఆమె.
గోడకి ఆనుకుని, అడకత్తెర పక్కన పెట్టి.
కింద పట్టీ మీద "ప్రత్యక్ష సాక్షి" అని ఉంది.
పేరు గౌహర్ బీ అని
కాంటీన్లో సౌండ్ ముక్తార్ చెబితే తెలిసింది.

మొదటి రెండు మాటలే ఆమెవి,
"నద్దీ ఆయీ".
ఆపైన ఆమె గొంతుని కిందికి దించి
నాది పరిచారు,
తడి గచ్చు మీద గోనెపట్టా పరిచినట్టు.
ఆమెకి పళ్లు లేవు. నాకు వ్యాకరణం ఉంది.

"వరద నీరు గృహాలలోకి ప్రవేశించింది" అన్నాను నేను.
నది ఇంటికొచ్చింది, చెప్పులైనా విడవలేదు, అన్నదట ఆమె.

"ఆ రాత్రంతా అందరం కలిసే ఉన్నాం" అన్నాను నేను.
స్క్రిప్టులో అలాగే ఉంది.

ముక్తార్ టీ గ్లాసు తిప్పుతూ
"కలిసి కాదు మేడమ్" అన్నాడు.
"కలిసి అన్నా సాతే, ఏడు అన్నా సాతే మా నోట్లో.
రాసినాయన ఒకటి విన్నాడు, ముసలమ్మ ఇంకోటి చెప్పింది.
మిద్దె మీద, చీకట్లో, వాళ్లమ్మ
పిల్లల తలలు తడిమి తడిమి లెక్కపెట్టిందట.
సాత్. సాత్. సాత్.
తెల్లారి చూస్తే ఆరుగురే."

గ్లాసు కింద పెట్టాడు.

"ఎవరి తలనో రెండుసార్లు తడిమింది కదా మేడమ్.
అది నాదే, అంటుంది గౌహర్ బీ.
ఎనిమిదేళ్లదాన్ని, తెలుసు నాకు,
అమ్మ చెయ్యి రెండోసారి వచ్చినప్పుడు
బాగుండి ఊరుకున్నాను, అంటుంది."

పరుగెత్తాను.
చయనులు గారు గడియారం చూశారు.
ఆరింటికి ఎడిటింగ్ షిఫ్టు అయిపోతుంది.
"కలిసి ఉన్నాం అంటే బానే ఉందమ్మా,
సమైక్యత కూడా వస్తుంది."

నేనూ ఊరుకున్నాను.
చెక్కు తీసుకున్నాను.

అసలు టేపు ఇప్పుడు లేదు.
ఆ ఏడాదే దాని మీద
వరిలో సుడిదోమ నివారణ రికార్డు చేశారు.
టేపులకి కరువు మరి.
ఆమె పెదాల మీదుగా పచ్చగా
ఎంత పొలం సాగిందో.

కానీ ఒకటుంది, ఇన్నేళ్లూ నాకు తెలియనిది,
ఇవాళ తడిగుడ్డ పట్టుకుని విన్నది.
నా వాక్యం ఆమె కంటే ఓ క్షణం ముందే అయిపోయింది.
వీణ అందుకునేలోగా, ఎవరూ మూయని ఆ సందులో
ఆమె గొంతు పైకి తేలి
ఒక్క మాట,
"...సాత్".

పక్కింటి కుక్కర్ కూసింది.
ఆమె పోయింది, వంతెన వచ్చింది.

పునఃప్రసారం రాత్రి పదకొండున్నరకి అని
కింద అక్షరాలు నడిచాయి.
అన్నం తిని, లైటు ఆర్పి,
టీవీకి దగ్గరగా స్టూలు లాక్కున్నాను.
నా గొంతు ఎప్పుడాగుతుందా అని
కూర్చున్నాను.